మెలిపెట్టిన బిస్కోలో డయోడ్: సుడులదా, కాలసౌష్ఠవ భంగానిదా?

(నలుగురి చర్చ ఇది; ఎవరి ఊరి పేరుతో వారు మాట్లాడుతున్నారు.)

బరంపురం: బిస్కో (బిస్మత్, స్ట్రాన్షియం, కాల్షియం, రాగి కలిసిన ఆక్సైడ్, ఒక సూపర్‌కండక్టర్) రేకును రెండుగా చీల్చి, ఒక ముక్కను 45 డిగ్రీలకు దగ్గరగా తిప్పి మళ్లీ అంటిస్తే, నిరోధం లేకుండా పారే కరెంటు హద్దు ఒక దిశలో ఎక్కువ, ఎదురు దిశలో తక్కువ. దీన్నే ఇక్కడ డయోడ్ అంటున్నాం. 2023లో హార్వర్డ్‌లోని ఫిలిప్ కిమ్ బృందం అయస్కాంత క్షేత్రం లేకుండానే ఇది చూపి, కాలసౌష్ఠవం (కాలాన్ని వెనక్కి తిప్పినా ప్రవర్తన మారకపోవడం) తనంతట తానే భంగమైందంది. 2024లో ముంబై టీఐఎఫ్‌ఆర్ (టాటా మౌలిక పరిశోధనా సంస్థ)లోని మందార్ దేశ్‌ముఖ్ బృందం 77 కెల్విన్ దాకా చూపి, వోర్టెక్స్‌ల (సూపర్‌కండక్టర్‌లోకి చొరబడిన అయస్కాంత సుడుల) వల్లనంది. ఏది నిలుస్తుందండీ?

రాయగడ: వోర్టెక్స్‌లే. ముంబై జంక్షన్లలో (రెండు ముక్కల అతుకుల్లో) ఏ కోణానికైనా వచ్చింది, చిన్న నిలువు క్షేత్రంతోనే వచ్చింది. 20 కెల్విన్ దగ్గర అసమానత 60 శాతం. 45 దగ్గర ఎక్కువైనా, అన్ని కోణాలకూ వచ్చేదానికి డి-వేవ్ (ఎలక్ట్రాన్ జంటల నాలుగు రేకుల ఆకారం) కథ దేనికి?

పర్లాకిమిడి: రాయగడ గారూ, క్షేత్రం పెడితే వచ్చేది వేరు, పెట్టకుండా వచ్చేది వేరు. హార్వర్డ్‌లో కరెంటుతోనే దిశ మార్చగలిగారు. ఇంకో సంగతి. సరిగ్గా 45 దగ్గర కరెంటు సూత్రంలో సైన్ 2ఫై పదమొక్కటే (ఫై అంటే రెండు ముక్కల దశల తేడా) మిగులుతుంది, అక్కడ రెండు దిశలూ సమానమే. కొంచెం పక్కకు జరిగితేనే అసమానత రావాలి. మరీ దూరం జరిగితే పోవాలి. ఈ ఆకారం వోర్టెక్స్‌లతో రాదు.

సిరొంచ: ‘క్షేత్రం లేదు’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. మన ప్రాంతంలో భూమి క్షేత్రపు నిలువు భాగం సుమారు 20 మైక్రోటెస్లా. 10 మైక్రాన్ల చదరపు జంక్షన్‌లో అది 2 ఫెమ్టోవెబర్లు, అంటే దాదాపు ఒక ఫ్లక్స్ క్వాంటం, ఒక్క సుడి మోసేంత. మాగ్నెట్‌లో మిగిలిపోయిన క్షేత్రం 1 మిల్లీటెస్లా ఉంటే యాభై. సప్లై మీటరు సున్నా చూపిస్తే సరిపోదు. మ్యూ-మెటల్ కవచం పెట్టి, విడిగా కాయిల్‌తో నిజమైన సున్నా వెతకాలి.

కొలతలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. కరెంటును ప్లస్ నుంచి మైనస్‌కి ఒకే ఊపులో తిప్పితే, ఒకవైపు స్విచింగ్ కరెంటు (నిరోధం మొదలయ్యేది), రెండోవైపు రీట్రాపింగ్ కరెంటు (నిరోధం మళ్లీ పోయేది) చదివి డయోడ్ అనుకుంటాం. ప్రతిసారీ సున్నా నుంచే మొదలుపెట్టాలి. సోర్సులో ఆఫ్‌సెట్ ఉందేమో వైర్లు తిరగేసి చూడాలి.

బరంపురం: తయారీలో అయితే మన తీరపు తేమే శత్రువు. గోపాలపురం గాలి తగిలిన రేకు పైపొర పాడైపోతుంది. గది వేడికే ఆక్సిజన్ కదిలిపోతుంది. ఆర్గాన్ గ్లవ్‌బాక్సులో, మైనస్ 90 సెల్సియస్ దగ్గర, చీల్చిన నిమిషాల్లోనే అంటించాలి. ఒకే రేకు రెండు ముక్కలు కాబట్టి కోణం నమ్మకంగా తెలుస్తుంది. రసాయనాలు తగలకుండా బంగారాన్ని స్టెన్సిల్ గుండా వేయాలి. ఇవి తప్పితే 45 దగ్గర కరెంటు తగ్గింది సౌష్ఠవం వల్లో, చెడిన పొర వల్లో చెప్పలేం.

పర్లాకిమిడి: సరే, తేల్చే పరీక్ష ఇదండీ. నిజమైన సున్నా క్షేత్రంలో, సూపర్‌కండక్టివిటీ పోయేలా 100 కెల్విన్ దాకా వేడిచేసి, మళ్లీ చల్లార్చి, ఇరవైసార్లు కొలవండి. చిక్కుకున్న వోర్టెక్స్ ప్రతిసారీ వేరేచోట కూర్చుంటుంది, అసమానత పరిమాణం మారుతూ ఉంటుంది. స్వయంభంగమైతే గుర్తు మాత్రమే మారాలి, పరిమాణం అదే ఉండాలి.

రాయగడ: దానికి ఒప్పుకుంటాను. తోడుగా 10 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ కూడా వేయండి. మైక్రోవేవ్‌తో వోల్టేజీ 20.7 మైక్రోవోల్టుల మెట్లుగా పెరుగుతుంది; సైన్ 2ఫై నిజమైతే వాటి మధ్య సగం మెట్లు కూడా అదే జంక్షన్‌లో కనిపించాలి.