డబ్ల్యూడీజీ-5 ‘భీమ్’ ఏడింటితోనే ఎందుకు ఆగింది?

గోదావరిఖని_ర్యాకు
బొగ్గు ర్యాకులు చూస్తూ పెరిగినోణ్ణి. డబ్ల్యూడీజీ-3ఏ, డబ్ల్యూడీజీ-4 డీజిల్ గూడ్సు ఇంజన్లను మస్తు చూసిన. 5500 హార్స్‌పవర్ భీమ్‌ను మాత్రం ఫొటోలల్లనే. 2012లో వారణాసి డీఎల్‌డబ్ల్యూ (రైల్వే డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీ) మొదటిది తీసింది, మొత్తం ఏడే చేసిండ్రంటరు. అంత బలమున్నదాన్ని ఎందుకు ఆపేసిండ్రు? ఫెయిల్ మోడలా?

కాజీపేట_పాత_ఫిట్టర్
తమ్మీ, ఫెయిలని అంత అల్కగ అనకు. నేను కాజీపేట డీజిల్ షెడ్డుల చేసి రిటైరైన. భీమ్ మా దగ్గరికి రాలే, దాని షెడ్డు గుజరాత్‌ల సబర్మతి. కానీ దాని లోపలి ఇంజన్ తెలుసు. డబ్ల్యూడీజీ-4ల ఉండే, అమెరికా కంపెనీ ఈఎండీ వాళ్ల 710 మోడల్ టూ స్ట్రోకే, 16 సిలిండర్లకు బదులు 20.

లొల్లంత ఆ నాలుగు సిలిండర్లతోనే. 710ల హెడ్డు, లైనర్, పిస్టన్ కలిసి పవర్ అసెంబ్లీగ ఒక్కసారే పైకి లేస్తయి. డబ్ల్యూడీజీ-3ఏ లాంటి పాత ఆల్కో ఇంజన్లకు అలవాటైన మాకు మొదట్ల అది వింతే. ఈ అసెంబ్లీలు డబ్ల్యూడీజీ-4 స్టాకుల దొరుకుతయి, సరే. మరి పిస్టన్లు తిప్పే 20 సిలిండర్ల క్రాంక్‌షాఫ్ట్? దాన్ని పట్టుకునే క్రాంక్‌కేసు? ఏడు ఇంజన్ల కోసం అవన్నీ విడిగ పెట్టుకోవాలె. ఒక్క పెద్ద సామాను ఆలస్యమైతే ఇంజన్ పిట్టు మీదనే కూసుంటది. స్టోర్ల పనిచేసినోళ్లను అడుగు, చెప్తరు.

ఇంకోటి, హార్స్‌పవర్ ఎక్కువుంటే ఎక్కువ లోడు కదుల్తదనుకుంటరు అందరు. కదిలించేది చక్రం మీది బరువు. డబ్ల్యూడీజీ-4 126 టన్నులు, భీమ్ 134. ఆరు ఇరుసులకు పంచితే ఒక్కో ఇరుసుకు డబ్ల్యూడీజీ-4ల 21 టన్నులు, భీమ్‌ల ఇరవై రెండున్నరకు కొంచెం తక్కువ. బండి లేచేటప్పుడు తేడా అంతే. హార్స్‌పవర్ ఆదుకునేది లోడుతో వేగం అందుకున్నంక. వేరే బండ్లకు దారిచ్చెతందుకు అడుగడుగున లూప్‌ల (పక్క పట్టాల మీద) ఆపే మన గూడ్సుకు ఆ సుఖమేడిది?

మోడల్_లోకో_వరంగల్
పెద్దాయన చెప్పింది కరెక్టు. అమెరికాలోనూ ఇదే కథ. ఈఎండీ ఇదే 20 సిలిండర్ల 710తో 1995-96లో ఎస్‌డీ80మ్యాక్ అనే లోకో తీసింది, 5000 హార్స్‌పవర్. కాన్‌రైల్ అనే రైలు కంపెనీ 30 తీసుకుంది. షికాగో అండ్ నార్త్‌వెస్టర్న్ కూడా ఆర్డరిచ్చింది గానీ, ఆ కంపెనీ యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోవడంతో అది రద్దైంది. 1999లో కాన్‌రైల్‌ను రెండు కంపెనీలు పంచుకున్నప్పుడు 17 నార్‌ఫోక్ సదరన్‌కు, 13 సీఎస్ఎక్స్‌కు పోయాయి. అంతకుముందు ఈఎండీ ఎస్‌డీ45 లోకోలోని 20 సిలిండర్ల పాత 645 ఇంజన్‌కు కూడా మొదట్లో క్రాంక్‌షాఫ్ట్ తిప్పలే.

మన దగ్గర ఇంకో కారణం: 2015లో బిహార్‌లోని మఢౌరా ఫ్యాక్టరీకి అమెరికా కంపెనీ జీఈతో ఒప్పందం. 1000 ఇంజన్లు, 4500 హార్స్‌పవర్‌వి 700, 6000వి 300. ఆ 6000ది 16 సిలిండర్ల ఫోర్ స్ట్రోక్. అది రాబోతుంటే 5500 భీమ్‌ను ఎవరు పెంచుతారు? పైగా లైన్లన్నీ కరెంటుకు మారుతూ వచ్చాయి.

గోదావరిఖని_ర్యాకు
థ్యాంక్స్ అన్నా, కాకా. పాత డీజిల్‌ను కరెంటింజన్ చేసిండ్రని విన్న, నిజమేనా?

కాజీపేట_పాత_ఫిట్టర్
నిజమే బిడ్డా. రెండు డబ్ల్యూడీజీ-3ఏలను కలిపి 10,000 హార్స్‌పవర్ జంట చేసిండ్రు, డబ్ల్యూఏజీసీ-3 అని. ఆలోచన మొదలైనకాంచి 69 రోజులల్ల అయిపాయె అన్నరు. 2019 ఫిబ్రవరి 19న ప్రధాని వారణాసిల జెండా ఊపిండు. ఆల్కో ఇంజనంతా తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మిగిలేది చాసిస్, కింద చక్రాలుండే బోగీలే. దాన్ని మార్పు అంటరు, నేనైతే కొత్త బండే అంట. భీమ్‌కు అట్ల చేసిండ్రని మాత్రం నేను వినలే.