డీవీడీ రిమోట్‌లో ప్లే బటన్ ఒక్కటే మొరాయిస్తోంది

ప్రశ్న: మిగతా బటన్లన్నీ బాగానే ఉన్నాయి. ప్లే మాత్రం గట్టిగా నొక్కితేగానీ పలకదు. బ్యాటరీలు కొత్తవే. రిమోట్ మార్చాలా?

జవాబు 1: అప్పుడే వద్దండి. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ పెట్టి నొక్కి చూడండి. వేరే బటన్లకు తెరమీద వెలుగు మిణుకుమని, ప్లేకి రాకపోతే తప్పు ఆ బటన్‌దే. వెనక కెమెరాతో చూడొద్దు, చాలా ఫోన్లలో దానికి ఇన్‌ఫ్రారెడ్‌ను, అంటే రిమోట్ పంపే కంటికి కనిపించని వెలుగును, అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది.

జవాబు 2: బటన్ల రబ్బరు షీటు అడుగున, నొక్కినప్పుడు సర్క్యూట్ బోర్డును తాకే నల్లటి కార్బన్ చుక్కకు జిడ్డు పట్టి ఉంటుంది, లేదా అరిగి ఉంటుంది. బ్యాటరీలు తీసి, రిమోట్ విప్పి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. చుక్కను మాత్రం పొడిబట్టతో, మెల్లగా. గట్టిగా రుద్దితే పూత ఊడొస్తుంది, ఇక అంతే సంగతులు!

జవాబు 3: తడి పూర్తిగా ఆరాకే బ్యాటరీలు వేయండి.