కోపు మారినా మారనిది కోలా, కాలా?

హిందూపురం శీను: మా ఊళ్లో కోలాటం నేర్పే పంతులు ఎప్పుడూ ఒక మాట అనేవాడు, "కోపు మారినా కోలు మారదు" అని (కోపు అంటే కోలాటంలో ఒక్కో ఆట తీరు). దీని ముందు ఇంకో పాదం ఉంది, ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లు కోలాటం మొదలుపెట్టారు. కోపులు విడివిడిగా బాగానే వేస్తున్నారు గానీ ఒక కోపులోంచి ఇంకో కోపులోకి వెళ్లే చోట జట్టు మొత్తం ఆగిపోతోంది. ఆ మాట పూర్తి పాఠం ఎవరికైనా తెలుసా?

తెనాలి పాఠకుడు: కోలు కాదండీ, కాలు. కర్ర అంటే కోల, బహువచనం కోలలు. కోలు ఎక్కణ్ణుంచి వచ్చింది? అడుగు నడక అదే ఉండాలి, చేతులూ మొహాలూ తిరగాలి అని చెప్పడం. అర్థం కూడా చక్కగా కుదిరింది.

హిందూపురం శీను: మాది హిందూపురం సార్. సగం కన్నడం. మాకు కోలు అంటే కర్రే.

మదనపల్లె మాస్టారు: మా వైపూ అంతే, తమిళం గాలి. అయినా కాలు ఎందుకు మారదు సార్? కుడి అడుగు మీద ముగిసిన కోపు తర్వాత ఎడమ అడుగుతో ఎత్తుకోవాలి, లేకపోతే పక్కవాళ్ల కాలు తొక్కుతారు. మారకూడనిది కర్ర దెబ్బ. లోపలి వరస బయటికీ బయటి వరస లోపలికీ వచ్చేటప్పుడు అందరూ కర్ర కొట్టడం ఆపేసి దారి వెతుక్కుంటారు, లయ తెగేది సరిగ్గా అక్కడే. నేనైతే కోపు మొత్తం నేర్పను. పాత కోపు చివరి నాలుగు దెబ్బలు, కొత్త కోపు మొదటి నాలుగు దెబ్బలు, ఆ ముక్కనే పదే పదే ఆడిస్తాను.

నిఘంటువు పిచ్చోడు: ఇద్దరూ తొందరపడుతున్నారు. కొను ధాతువు నుంచి కోలు. కొనుగోలు, వీడుకోలు లేవూ? కోలు అంటే అందుకోవడం. కోపు మారినా జత దెబ్బ అందుకునే తీరు మారదు అని.

తెనాలి పాఠకుడు: కోలాటం పంతులు కృదంతాలు చెప్పాడంటారా 😀

మసాచుసెట్స్ లక్ష్మి: మాస్టారూ, మీరు చెప్పిన ముక్క పద్ధతి చూసి ఇది రాస్తున్నా. నేను ఇక్కడ గ్రీన్‌ఫీల్డ్‌లో గైడింగ్ స్టార్ గ్రేంజ్ హాల్లో కాంట్రా డాన్స్‌కి వెళ్తుంటాను. ఎదురెదురు వరసల్లో జంటలు నిలబడతారు, పాట ఒక చుట్టుకి 64 తాళం దెబ్బలు, చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి జంటా ఒక స్థానం జరిగి కొత్త జంట ఎదుటికి వస్తుంది. ఆట పేర్లు పిలిచేవాళ్లని కాలర్ అంటారు. మంచి కాలర్ తర్వాతి ఫిగర్ (మన కోపు లాంటిది) పేరు, ఇప్పుడు ఆడుతున్న ఫిగర్ చివరి దెబ్బల్లోనే చెప్పేస్తుంది. పేరు ముగియడం, కొత్త వరస సంగీతం ఎత్తుకోవడం ఒకేసారి జరగాలి. దెబ్బ పడ్డాక పిలిస్తే అప్పటికే ఆలస్యం. సంగీతం లేకుండా ముందు నడిపించి నేర్పేటప్పుడు కూడా ఫిగర్ ఎలా చెయ్యాలో చెప్పి ఊరుకోరు, అది అయ్యేసరికి ఎటు చూస్తుంటావు, ఏ చెయ్యి ఖాళీగా ఉంటుంది అని చెబుతారు. కుడిచేతులు పట్టుకుని తిరిగి వదిలేశాక ఎడమచెయ్యి ఖాళీ కదా, తర్వాతిది ఎడమచేత్తో ఉంటే ఒళ్లు తనంతట తనే అటు పోతుంది. నాలుగైదు చుట్లయ్యాక కాలర్ గొంతే వినపడదు, ఇక అవసరం ఉండదు. శీనుగారూ, మీ జట్టుకి కొత్త కోపు పేరు ఎప్పుడు చెబుతున్నారు, ఆగాకా, ఆగకముందా?

హిందూపురం శీను: ఆగాక అక్కా. విజిల్ వేసి మరీ.

మదనపల్లె మాస్టారు: అదే మరి!

పాతపుస్తకాల రావు: ఆట నేర్పడం అంటే తెలుగులో ముందు తిక్కన దగ్గరికి వెళ్లాలి. విరాటపర్వంలో బృహన్నల తనకొచ్చిన ఆటల పేర్లు చెబుతూ దండలాసకం, కుండలి, ప్రేంఖణం, ప్రేరణి అంటాడు. ఆ దండలాసకం మన కోలాటమే.

నిఘంటువు పిచ్చోడు: దండరాసకం. జాయప సంస్కృతంలో రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళిలో రాసకం, దండరాసకం అనే ఉంది. రాళ్లపల్లివారి తెలుగు అనువాదం చూడండి.

పాతపుస్తకాల రావు: రలయోరభేదః, ర కీ ల కీ తేడా లేదని ఊరికే అన్నారా? పైగా లాసకమంటే లాస్యం గుర్తొస్తుంది, బృహన్నల నోట ఆ అక్షరమే అందం. తిక్కన నెల్లూరు రాజు మనుమసిద్ధి పని మీద ఓరుగల్లు కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గరికి వెళ్లాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతోంది. జాయప ఆ గణపతిదేవుడి గజసాహిణే, అంటే ఏనుగుల దళం అధిపతే. తిక్కన ఓరుగల్లులో ఆ ఆటలు కళ్లారా చూసే రాశాడని నా నమ్మకం.

నల్లగొండ సరిత: నమ్మకమే గదా సార్, సాక్ష్యం లేదు. ఆటలు నెల్లూరుల లేవా ఏంది? అసలు ముచ్చటకు రాండ్రి. కోపుకు కోలు యతి కుదురుతది. కో, కా కుదరవు, ఓ-కారానికి ఆ-కారంతో మైత్రి లేదు. కాలు అన్నోళ్లకు అక్కడనే చెల్లు.

తెనాలి పాఠకుడు: ఆట మధ్యలో అరిచే మాటకి యతి లెక్కేంటమ్మా!

హిందూపురం శీను: సార్, ఆ ముందు పాదం...

పాతపుస్తకాల రావు: వస్తున్నా ఆగండి. ముందు ఈ కుండలి సంగతి తేల్చాలి, జాయప దాన్నే గొండలి అన్నాడని నా వాదన.