ఆటిజం ఉన్న బాబుతో, అత్తమామలతో కలిసి ఓర్లాండో: ఎలా సిద్ధం కావాలి?

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్తే. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆటిజం. మాటలు తక్కువ, ట్యాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి కావాల్సింది చెప్తాడు. ఇండియా నుంచి మా అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి ఉన్నారు, వాళ్లు తిరిగి వెళ్లేలోపు జులైలో అందరం కలిసి డిస్నీకి వెళ్లాలని మా వారి పట్టుదల. పాపకి పన్నెండేళ్లు. రోలర్ కోస్టర్లంటే పడి చస్తుంది. తమ్ముడి వల్ల ఏదీ కుదరదని ఈమధ్య పైకే అనేస్తోంది, వింటుంటే కడుపు తరుక్కుపోతోంది.

బాబు సంగతి చెప్పాలంటే, నీళ్లన్నా గుండ్రంగా తిరిగేవన్నా ఇష్టం. బాత్రూముల్లో చేతులు ఆరబెట్టుకునే మెషీన్ చప్పుడు అస్సలు పడదు. క్యూ అయిదు నిమిషాలు దాటితే కింద కూర్చుని తల కొట్టుకుంటాడు. తినేది పెరుగన్నం, చిప్స్, ఒక రకం బిస్కెట్లు, అంతే. జనంలో చెయ్యి విదిలించుకుని పరుగెత్తే అలవాటు కూడా ఉంది.

డిస్నీలో ఇలాంటి పిల్లలకి ఇచ్చే పాస్ రూల్స్ మారాయంటున్నారు, ఇప్పుడెలా తీసుకోవాలి? ఇంకొకటి అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. మా అత్తయ్యగారికి వాడంటే ప్రాణం, కానీ నలుగురిలో ఏడిస్తే ఆవిడకి తలవంపులుగా ఉంటుంది, "కాస్త గట్టిగా చెప్తే వింటాడమ్మా" అంటారు. అక్కడ ఆ టెన్షన్‌లో ఈ మాట వస్తే తట్టుకోగలనో లేదో. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

అట్లాంటా నాన్న:
పాస్ గురించి చెప్తానండి. దాని పేరు డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్, అందరూ డాస్ అంటారు. 2024 మే నుంచి ఓర్లాండోలో రూల్స్ బిగించారు, చాలామందికి రావట్లేదు, కానీ అది ముఖ్యంగా ఎవరికోసమంటే ఆటిజం లాంటి కారణంతో మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేనివాళ్ల కోసమే, కాబట్టి మీరు ధైర్యంగా అప్లై చేయండి. ఇంటి నుంచే వీడియో కాల్‌లో మాట్లాడాలి, బాబు కూడా కాల్‌లో ఉండాలి. డాక్టర్ కాగితాలు అడగరు. ఆటిజం అని ఒక్కమాట చెప్పి ఊరుకోకండి, క్యూలో వాడికి ఏమవుతుందో ఇక్కడ రాసినట్టే చెప్పండి, వాళ్లకి కావాల్సింది అదే. ఎన్ని రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చో వాళ్ల సైట్‌లో చూసుకుని వీలైనంత ముందే కానివ్వండి, ఆఖరి వారం దాకా ఆగొద్దు. మామూలుగా గ్రూపులో నలుగురికి ఇస్తారు, మీరు ఆరుగురు కదా, ఆ కాల్‌లోనే అడగండి.

పాస్ ఉంటే నేరుగా ఎక్కేయొచ్చని పెద్దవాళ్లకి చెప్పకండి. రైడ్‌కి గంట వెయిటింగ్ ఉంటే దాదాపు గంట తర్వాత రమ్మని యాప్‌లో టైమ్ వస్తుంది, ఆ గంట క్యూ బయట ఎక్కడైనా గడపొచ్చు, ఒకసారికి ఒక రైడే. పాస్ బాబు పేరు మీద ఉంటుంది కాబట్టి ఆ రైడ్ వాడు కూడా ఎక్కాలి. అందుకే పాప కోస్టర్లకి అది పనికిరాదు, వాటికి రైడర్ స్విచ్ అడగండి: మీ వారు పాపతో ఎక్కి వచ్చేదాకా మీరు బాబుతో బయట ఉంటారు, తర్వాత మీరు ఎక్కాలంటే మళ్లీ మొత్తం క్యూలో నిలబడక్కర్లేదు.

ఓర్లాండోలోనే ఉన్న ఇంకో థీమ్ పార్కు యూనివర్సల్‌కి కూడా వెళ్లే ఆలోచన ఉంటే అక్కడ పద్ధతి వేరు. ఐబీసీసీఈఎస్ అనే సంస్థ వాళ్ల యాక్సెసిబిలిటీ కార్డుకి ఆన్‌లైన్‌లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి, ఉచితమే, దానికి మాత్రం డాక్టర్ కాగితం అప్‌లోడ్ చేయాలి. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర సాయం కావాలంటే ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ వాళ్ల హెల్ప్‌లైన్ టీఎస్ఏ కేర్స్‌కి 72 గంటల ముందు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు దగ్గరుండి దాటిస్తారు.

ఎడిసన్ అక్క:
అమ్మా, జులై అంటున్నావు. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములతో వాన మామూలే, మెరుపులుంటే బయట తిరిగే రైడ్లన్నీ ఆపేస్తారు. రైడ్ ముందు దాకా తీసుకెళ్లి "ఇప్పుడు లేదు" అంటే మా వాడికి ప్రపంచం తలకిందులైనట్టే, మీ వాడికీ అంతే అయ్యుంటుంది. మేం బొమ్మల కార్డులు చేసుకుంటాం, రైడ్ బొమ్మ పక్కన వాన బొమ్మ, వాన వస్తే ఏం చేస్తామో దాని కింద ఇంకో బొమ్మ. యూట్యూబ్‌లో ప్రతి రైడ్‌కీ సీట్లో కూర్చుని తీసిన వీడియోలు ఉంటాయి, రోజూ ఒకటి చూపించు. ఏది మళ్లీ మళ్లీ అడిగి చూస్తాడో అది లిస్టులో పెట్టుకో, ఏది వస్తే లేచి వెళ్లిపోతాడో అది తీసెయ్.

గుండ్రంగా తిరిగేవి ఇష్టమన్నావు కాబట్టి డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో డంబో అనే ఎగిరే ఏనుగుల రైడ్, రంగులరాట్నం వాడికి పండగే. పీపుల్‌మూవర్ అని ఒకటుంది, పైన మెల్లగా తిరుగుతుంది, ఎక్కువ చప్పుడుండదు, కాసేపు లోపల చీకటి మాత్రం వస్తుంది, పెద్దవాళ్లకీ హాయి. పాత పోస్టుల్లో టామ్ సాయర్ ఐలాండ్ ప్రశాంతంగా ఉంటుందని రాస్తారు, దాన్ని 2025 జులైలో మూసేశారు, నమ్ముకుని వెళ్లకు. నిజంగా చల్లగా, నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలంటే మెయిన్ స్ట్రీట్ చివర ఫస్ట్ ఎయిడ్, బేబీ కేర్ సెంటర్ పక్కపక్కనే ఉంటాయి. రాత్రి బాణసంచా టైమ్‌కి మీరు గేటు బయట ఉండాలి, లేకపోతే ఆ జనంలో కదల్లేరు.

తిండికి దిగులు పడకు, డిస్నీలో బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరవు. పెరుగన్నం చిన్న డబ్బాల్లో పెట్టి చల్లగా ఉండేలా ఐస్ ప్యాకులు వేసుకో, విడి ఐస్ ముక్కలు ఒప్పుకోరు. బాత్రూముకి పోస్ట్ ఇట్ కాగితాలు పర్సులో పెట్టుకో. కమోడ్ వెనక సెన్సర్ కన్ను ఉంటుంది చూడు, దానిమీద ఒకటి అతికిస్తే పిల్లాడు లేచేదాకా అది ధభాలున ఫ్లష్ అవదు. చేతులు ఆరబెట్టే మెషీన్ గొడవ లేకుండా, తోడుగా ఇంకొకరు కూడా వెళ్లగలిగే విడి బాత్రూము, అంటే కంపానియన్ రెస్ట్‌రూమ్ వెతుక్కుని మీరిద్దరే వెళ్లండి, అక్కడా మెషీన్ ఉన్నా పక్కనోళ్లు వచ్చి ఆన్ చేయరు. చెవులకి పెట్టే హెడ్‌ఫోన్లు ఇప్పటి నుంచే ఇంట్లో రోజూ కాసేపు పెట్టించు, అక్కడికెళ్లాక మొదటిసారి పెడితే పీకేస్తాడు. పరుగెత్తుతాడన్నావు, చేతికి నీ ఫోన్ నంబరున్న బ్యాండు వెయ్, పొద్దున హోటల్లోనే ఆరోజు బట్టలతో నిలువెత్తు ఫోటో తీసి పెట్టుకో.

ఇక అత్తగారి సంగతి. ఆవిడతో మాట్లాడాల్సింది నువ్వు కాదు, మీ ఆయన. కొడుకు చెప్తే ఒక రకంగా వింటారు, కోడలు చెప్తే ఇంకో రకంగా. టికెట్లు కొనకముందే కూర్చోబెట్టి చెప్పమను: వాడు ఏడ్చినప్పుడు మొండికెయ్యడం లేదు, చెవుల్లో, ఒంట్లో భరించలేనంత అయిపోయి అలా అవుతోంది, ఆ టైములో ఎవరూ మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు, చుట్టూ చేరకూడదు. ఊరికే వద్దంటే పెద్దవాళ్లకి మనసు కష్టపెట్టుకోవడమే మిగులుతుంది, అందుకని ఆవిడకి ఒక పని అప్పజెప్పు. ఆ సమయంలో పాపని తీసుకుని ఐస్‌క్రీమ్ బండి దాకా వెళ్లడం నాయనమ్మ పని. మావయ్యగారు బ్యాగులు చూసుకుంటారు. వాడి దగ్గర నువ్వొక్కదానివే ఉంటావు. పాపకి కూడా ఒక పూట పూర్తిగా రాసిచ్చెయ్, ఆ పూట తమ్ముడి మాటే రాకూడదు.

మియాపూర్ నుంచి:
నేను తల్లిదండ్రుల వైపు నుంచి కాదు, ఆ పిల్లాడి వైపు నుంచి రాస్తున్నాను. నాకు ఆటిజం ఉందని పెద్దయ్యాక తెలిసింది. ఓర్లాండో నాకు తెలియదు, రావిర్యాల దగ్గర వండర్లా బాగా తెలుసు. గంట క్యూ అని ముందే తెలిస్తే నేను ఉండగలను. ఇంకెంతసేపో ఎవరూ చెప్పకుండా ముందున్నవాళ్ల భుజం తగులుతూ, వెనకవాళ్ల బ్యాగు తగులుతూ నిలబడటం మాత్రం నావల్ల కాదు. కాబట్టి అక్కా, బాబు చేతికి కనిపించే టైమర్ ఏదైనా ఇవ్వండి, ఎర్ర రంగు తగ్గుతూ వచ్చే రకం ఫోన్‌లో కూడా దొరుకుతుంది.

నీళ్లిష్టం అన్నారు, బట్టల సంగతి కూడా చూడండి. వండర్లాలో నీళ్ల ఆటలకి నైలాన్ బట్టలే వేసుకోవాలి, తడిసిన నైలాన్ నడుం దగ్గర ఎలాస్టిక్‌తో కలిసి ఒంటికి అంటుకుంటే నాకు ఇంక వేరే ఏదీ బుర్రలోకి ఎక్కదు, చుట్టూ ఎంత సరదా ఉన్నా సరే. ఇంట్లో బకెట్ నీళ్లతో ఆ బట్టలు తడిపి ఓ అరగంట వేసి చూడండి, ఒప్పుకుంటే సరే, లేకపోతే వాడికి నచ్చిన పాత చొక్కా, నిక్కరు రెండు జతలు పట్టుకెళ్లండి.

ట్యాబ్లెట్‌లో "ఇంటికి వెళ్దాం" అనే బొమ్మ మొదటి పేజీలోనే పెట్టండి. వాడు అది నొక్కితే నిజంగా బయల్దేరండి, ఇంకొక్క రైడ్ అని బతిమాలొద్దు. నాకు చిన్నప్పుడు ఆ బొమ్మ ఉండి ఉంటే, నొక్కితే పని చేస్తుందని తెలిసి ఉంటే, ఇంకా ఎక్కువసేపే ఉండేవాణ్ణి.

ఫ్రిస్కో అమ్మ:
తమ్ముడూ, ఈ మాట మా వారికి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ బొమ్మ రాత్రే పెట్టేశాం. అక్కా, మీరు చెప్పినట్టు ఆదివారం ఆయనే వాళ్లమ్మగారితో మాట్లాడతానన్నారు. అట్లాంటా అన్నయ్యా, మరి హోటల్ డిస్నీ లోపల తీసుకోవాలా, బయటైనా పర్లేదా? బయట కిచెన్ ఉన్నవి చవగ్గా వస్తున్నాయి. స్ట్రోలర్ తీసుకెళ్లొచ్చా, వాడు పెద్దాడు కదా?

అట్లాంటా నాన్న:
అన్నం వండుకోవాలంటే కిచెన్ ఉన్నదే మేలమ్మా, కానీ ఒక్క విషయం ఆలోచించుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే పార్కింగ్ ఒకచోట, గేటు ఇంకోచోట, మధ్యలో మోనోరైలో ఫెర్రీనో ఎక్కాలి. మెల్ట్‌డౌన్, అంటే భరించలేక ఏడ్చి తల కొట్టుకోవడం, అయ్యాక ఆ జనంతో మళ్లీ అవి ఎక్కి కారు దాకా రావడం చాలా కష్టం. డిస్నీ హోటళ్ల బస్సులు గేటు దగ్గరికే వస్తాయి. బయటే ఉంటే ఆ ఒక్క రోజు గేటు దాకా వెళ్లే డిస్నీ రైడ్ సర్వీస్ ఏదైనా దొరుకుతుందేమో చూడండి, లేదా ఆ పార్కు రోజుకి మాత్రం ఒక రాత్రి లోపల తీసుకోండి.

స్ట్రోలర్ భేషుగ్గా తీసుకెళ్లండి, వయసు ఎవరూ అడగరు. మామూలు స్ట్రోలర్ అయితే 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు, లాగే వ్యాగన్లు రానివ్వరు. లోపలికి వెళ్లగానే వచ్చినవాళ్లకి సాయం చేసే కౌంటర్, గెస్ట్ రిలేషన్స్‌లో స్ట్రోలర్‌ని వీల్‌చెయిర్‌గా వాడుకునే ట్యాగ్ అడగండి. అది ఉంటే క్యూల్లోకి కూడా దాంతోనే వెళ్లొచ్చు, పైన కప్పు కిందికి లాగేస్తే వాడికో చిన్న గది.