రద్దయిన ‘ఏంజెల్’ ధారావాహికకు కొనసాగింపుగా వచ్చిన కామిక్స్ చదవవచ్చా?

ప్రశ్న (రాసినవారు: నిశాచరుడు)

లాస్ ఏంజెలెస్‌లో దుష్టశక్తులతో పోరాడే రక్తపిశాచి కథ చెప్పే అమెరికన్ టీవీ ధారావాహిక ‘ఏంజెల్’ ఐదు సీజన్లూ ఈమధ్యనే పూర్తి చేశాను. కుండపోత వానలో, ఒక ఇరుకు సందులో నాయకుడు ఏంజెల్, అతడి సహచరులు స్పైక్, ఇల్లీరియా, కొనఊపిరితో ఉన్న గన్ నిలబడి ఉండగా, ఎదురుగా రాక్షస సైన్యమూ పైన డ్రాగనూ కనిపిస్తుండగా కథ ఆగిపోయింది. 100వ భాగం ప్రసారమైన 2004 ఫిబ్రవరిలోనే డబ్ల్యూబీ ఛానల్ దీన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించిందనీ, తర్వాతి కథను ఐడీడబ్ల్యూ సంస్థ ‘ఆఫ్టర్ ద ఫాల్’ పేరుతో కామిక్స్‌గా ప్రచురించిందనీ చదివాను. ఇందులో సృష్టికర్త జాస్ వీడన్ పాత్ర నిజంగా ఉందా, లేక హక్కులు కొన్నవారు ఎవరిచేతనో రాయించినదేనా? ఏ వరుసలో చదవాలి? కథ ముందే తెలిసినా నాకు అభ్యంతరం లేదు.

సమాధానం (పాత సంచికల ప్రియుడు)

వీడన్ పాత్ర ఉంది. కథను ఆయన, బ్రయాన్ లించ్ కలిసి అల్లుకున్నారు. రచన లించ్‌ది, బొమ్మలు ప్రధానంగా ఇటలీ చిత్రకారుడు ఫ్రాంకో ఉర్రూవి. అంతకుముందు లించ్, ఉర్రూ కలిసి ‘స్పైక్: అసైలమ్’ చేశారు, అది వీడన్‌కు నచ్చడం వల్లనే ఈ అవకాశం వారికి వచ్చింది. 2007 నవంబరు నుంచి 2009 ఫిబ్రవరి వరకు మొత్తం 17 సంచికలు వెలువడ్డాయి.

ముందుగా ఈ 17 సంచికలనే వరుసగా చదవండి. 6 నుంచి 8 వరకు ఉన్న ‘ఫస్ట్ నైట్’ భాగం వెనక్కి వెళ్లి, ఈ కామిక్స్‌లో లాస్ ఏంజెలెస్ నగరం నరకంలో పడిన తొలి రాత్రి ఎవరికి ఏమి జరిగిందో చెబుతుంది. నాలుగు సంచికల ‘స్పైక్: ఆఫ్టర్ ద ఫాల్’ దీనికి తోడుగా వచ్చింది కాబట్టి, దానిని ‘ఫస్ట్ నైట్’ తర్వాత చదివితే సరిపోతుంది. 18వ సంచిక నుంచి ఇతర రచయితలు కొనసాగించిన కథ తప్పనిసరి కాదని నా అభిప్రాయం.

సమాధానం (సందు చివర)

నేను చదవవద్దనే అంటాను. ఆ పోరాటానికి ముగింపు ఉండదన్నదే ఆ ధారావాహిక ఐదేళ్లూ చెప్పిన మాట. అందువల్ల ఫలితం చూపకుండా కత్తి ఎత్తిన చోట ఆపడమే దానికి తగిన ముగింపు. రద్దు చేశారు కనుక కథ సగంలో తెగిపోయిందని చాలామంది అనుకుంటారు కానీ, రద్దు సంగతి ముందే తెలియడం వల్ల రచయితలకు చివరి భాగాన్ని చివరి భాగంగానే మలిచే వ్యవధి దొరికింది. ఇక కామిక్స్‌లో చివరకు కాలం వెనక్కి తిరిగి అందరూ అదే సందులోకి వచ్చి పడతారు. మళ్లీ బయలుదేరిన చోటికే చేర్చే కథకు 17 సంచికలు ఎందుకో నాకు బోధపడలేదు.

సమాధానం (వెస్లీ పక్షం)

కాలం వెనక్కి తిరిగిన మాట నిజమే. అయితే నరకంలో గడిపిన రోజులు లాస్ ఏంజెలెస్ వాసులందరికీ గుర్తుంటాయి. అంతవరకు చీకట్లో మాత్రమే పనిచేసిన ఏంజెల్ ఇప్పుడు ఊరంతా ఎరిగిన వీరుడవుతాడు. అతడికి అంతకంటే ఇబ్బందికరమైన స్థితి మరొకటి ఉండదు కాబట్టి, బయలుదేరిన చోటికే చేరారనడం న్యాయం కాదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి శిక్షలు. రక్తపిశాచి ఒకనాడు మనిషి అవుతాడన్న షాన్షు జోస్యాన్ని ఏంజెల్ చివరి భాగంలో సంతకం పెట్టి వదులుకున్నాడు కదా. కామిక్స్‌లో, వుల్ఫ్రమ్ అండ్ హార్ట్ అనే దుష్ట న్యాయవాద సంస్థను నడిపే సీనియర్ పార్ట్‌నర్లు అతణ్ణి నిజంగానే మనిషిని చేస్తారు, అదీ నగరమంతా నరకంలో ఉండి, అతడి బలం అందరికీ అత్యవసరమైన సమయంలో. కోరుకున్న వరమే శిక్షగా రావడం వల్ల, ఆ బలహీనతను మంత్రాల మాటున దాచుకుంటూ పోరాడవలసి వస్తుంది. రక్తపిశాచిగా మారిన సొంత చెల్లెలిని తన చేతులతో చంపుకున్న గన్ తానే రక్తపిశాచి అవుతాడు. ఏంజెల్ సహచరుడు వెస్లీ మరణించినా విముక్తి పొందక, వుల్ఫ్రమ్ అండ్ హార్ట్ సంస్థకు కట్టుబడిన ప్రేతాత్మగా మిగులుతాడు. ఒక్కొక్కరికీ వారి మనసు ఎక్కడ నొస్తుందో చూసి వేసిన శిక్షలివి. పాత్రలను బాగా ఎరిగినవారే ఇలా రాయగలరు.

లోపం బొమ్మల్లో ఉంది. నగరం మొత్తాన్ని నరకంలోకి దించడం, నాయకుణ్ణి డ్రాగన్ మీద తిప్పడం టీవీ ఖర్చుతో సాధ్యం కాదు, కాగితం మీద సాధ్యమే. కానీ ముదురు రంగుల మధ్య కొన్ని పోరాటాల్లో ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. సంభాషణలకు మాత్రం వంక పెట్టలేను, స్పైక్ మాటలు చదువుతుంటే నటుడి గొంతే వినిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు (నిశాచరుడు)

అందరికీ ధన్యవాదాలు. చదవాలనే నిర్ణయించుకున్నాను. ‘ఏంజెల్’కు మూలమైన ‘బఫీ’ ధారావాహికకు కొనసాగింపుగా వచ్చిన ఎనిమిదో సీజన్ కామిక్స్‌ను కూడా ఇదే సమయంలో చదవాలా?

సమాధానం (పాత సంచికల ప్రియుడు)

అవసరం లేదు. ‘బఫీ’ హక్కులు డార్క్ హార్స్ సంస్థ వద్ద, ‘ఏంజెల్’ హక్కులు ఐడీడబ్ల్యూ వద్ద ఉండడం వల్ల ఈ రెండు కథలూ చాలాకాలం ఒకదానినొకటి తాకకుండా నడిచాయి. ‘బఫీ’ ఎనిమిదో సీజన్‌లో ప్రతినాయకుడైన ముసుగు మనిషి ఏంజెలేనని బయటపడినప్పుడు, ఐడీడబ్ల్యూ కథలోని ఏంజెల్‌తో అతణ్ణి ఎలా కలపాలో తెలియక పాఠకులు తికమకపడ్డారు. తర్వాత హక్కులు డార్క్ హార్స్‌కు తిరిగి వెళ్లాయి. 2011 ఆగస్టులో లండన్ నేపథ్యంగా ‘ఏంజెల్ అండ్ ఫెయిత్’ మొదలైంది. దానికి మాత్రం ‘బఫీ’ ఎనిమిదో సీజన్ తెలిసి ఉండాలి, ఎందుకంటే అక్కడ ఏంజెల్ చేసిన పనికి ప్రాయశ్చిత్తమే ఇక్కడి కథ. 2019లో బూమ్ స్టూడియోస్ ప్రారంభించిన ‘ఏంజెల్’ మొత్తం కథను మొదటి నుంచి కొత్తగా చెబుతుంది కనుక, పుస్తకం కొనేముందు అట్ట మీద ప్రచురణకర్త పేరు చూసుకోండి.