అప్‌డేట్: కొరియా ఆర్మీలో 'బ్యంగ్జాంగ్' అంటే హవల్దార్ కాదు

కొరియన్ సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తూ, అందులో వచ్చే బ్యంగ్జాంగ్ అనే ఆర్మీ ర్యాంకుని హవల్దార్ అనొచ్చా అని పోయిన నెల ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"టోపీ మీద గీతలు చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. మా కొరియన్ మాస్టారు ఆర్మీలో చేసి వచ్చినవారే. దాచుకున్న తన టోపీ తెచ్చి చూపించారు. ముందువైపు ఒకదాని కింద ఒకటి నాలుగు అడ్డగీతలు, అంచులు కాస్త పోగులు లేచాయి. ఒక గీత ఇబ్యంగ్, రెండు ఇల్బ్యంగ్, మూడు సంగ్బ్యంగ్, నాలుగు బ్యంగ్జాంగ్. ఇవన్నీ తప్పనిసరి సర్వీసుకి వచ్చిన కుర్రాళ్ల ర్యాంకులే. ఆర్మీలో 18 నెలల సర్వీసుకి మామూలుగా ఈ ర్యాంకుల్లో వరుసగా 2, 6, 6, 4 నెలలు ఉంటారు. ఆ నాలుగు నెలలూ అయ్యాక ఇంటికే! హవల్దార్ లాంటి మాట, వీటికి పై ర్యాంకు అయిన 'హాసా' నుంచి పైవాళ్లకే నప్పుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో 'సార్జెంట్' అని ఉండటంతో నేను పొరబడ్డాను.

సీరియల్‌లో పాత్రది నేవీయా, ఎయిర్‌ఫోర్సా అని వెతకడం మాత్రం అనవసరం. ఈ నాలుగు పేర్లూ అన్నిట్లో ఒకటే.

చివరికి బ్యంగ్జాంగ్ అనే ఉంచేశాను. పేరు చివర గౌరవంగా చేర్చే 'నిమ్' అన్నచోట 'గారు' పెట్టి, జూనియర్ల చేత 'మీరు' అనిపించాను. సీన్ ఇప్పుడు సహజంగా ఉంది.