ఆంప్ లేకుండా ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డింగ్: గరగర, రొద ఎలా పోతాయి?

ప్రశ్న (అనంతపురం నుంచి)
మేము అద్దెకుండేది మేడ మీద, ఇంటివాళ్లు కింద ఉంటారు. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్, స్పీకర్) పెట్టే యోగం లేదు. సింగిల్ కాయిల్ గిటార్‌ను (తీగల కదలికను పట్టే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉండేది) ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె) ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తున్నాను. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) పెట్టగానే కందిరీగల తుట్టెను కదిపినట్టు గీపెడుతోంది. వాయించకుండా కూర్చున్నా వెనక జుయ్యిమనే రొద. చివరికి ఆంప్ కొనక తప్పదా?

జవాబు (కర్నూలు నుంచి)
ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ మీట నొక్కారా? గిటార్ పికప్‌కు 1 మెగాఓమ్ దరిదాపుల్లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఉండాలి. ఆ మీట నొక్కకుండా లైన్‌లో పెడితే శబ్దం మొద్దుబారుతుంది.

ప్రశ్న అడిగినవారు
అది నొక్కే ఉంది అన్నా.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి)
కొనవద్దు తమ్ముడూ. ఆర్కెస్ట్రాలకు ఆంప్ మోసి మోసి నడుము పోగొట్టుకున్నవాణ్ణి, నాకు ఈ విషయంలో కాస్త పక్షపాతం ఉంది.

నువ్వు ఆంప్ సిమ్యులేటర్ (ఆంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టి క్యాబినెట్ (స్పీకర్ పెట్టె వంతు) వదిలేసినట్టున్నావు. ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా కోసేస్తుంది. ఆ కోత లేకపోతే డిస్టార్షన్‌లోని గరగరంతా నేరుగా చెవిలో పడుతుంది. కంప్యూటర్‌లో ఆ పని చేసేది ఐఆర్, అంటే ఒక స్పీకర్, దాని ముందు పెట్టిన మైకు కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో పట్టి ఉంచిన ఫైలు. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సిమ్యులేటర్ ఉచితమే, అందులోనే ఐఆర్ తగిలించుకోవచ్చు. జనం ఆంప్‌లు మారుస్తూ నెలలు గడుపుతారు గానీ నన్నడిగితే సగం రుచి ఐఆర్‌లోనే ఉంది. ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (ఇన్‌పుట్ బలం) కూడా తగ్గించు. ఎంత గట్టిగా మీటినా ఇన్‌పుట్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు.

రొద సంగతికొస్తే, ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. తర్వాత ఫ్యాన్. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ నడిమి వేగంలో ఉంటే సింగిల్ కాయిల్ దాని గోలంతా పట్టేస్తుంది. పూర్తి వేగంలో పెట్టు. మైకు లేదు కాబట్టి గాలి చప్పుడు రికార్డు కాదు. మే నెలలో ఫ్యాన్ ఆపి గదిలో ఉడికిపోయే గాయకుల కంటే మనం అదృష్టవంతులం! అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించు. మన ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోతే నీళ్లు పోసే దిక్కుండదు.

ప్రశ్న అడిగినవారు
చార్జర్ తీయగానే చాలావరకు పోయింది, మిగిలింది ఫ్యాన్ పనే. ఐఆర్ పెట్టాక అచ్చం ఆంప్ లాగే ఉంది. కానీ మీటిన తర్వాత కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది.

జవాబు (కర్నూలు నుంచి)
విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేయండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పట్టుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర అది 2.7 మిల్లీసెకన్లు, రానూపోనూ కలిపితే దానికి రెట్టింపు పైచిలుకు. చిటపటలొస్తే 256కు పెంచండి.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి)
ఏ ఎఫెక్టూ లేని అసలు ట్రాక్‌ను మాత్రం చెరపకు, ఆంప్ రేపు నచ్చకపోతే మళ్లీ వాయించకుండానే మార్చుకోవచ్చు. శబ్దం వెడల్పుగా వినిపించాలని రిథమ్ గిటార్ ట్రాక్‌ను కాపీ చేసి ఎడమా కుడీ పెడితే అది నడిమధ్యే నిలబడుతుంది. ఓపిక చేసుకుని రెండోసారి వాయించు.